కట్టుడుపళ్ళ సన్మానం

నాకు కోపం ఎక్కువని పోర్టులో అందరికీ తెలుసు. పొద్దున్నుంచీ క్రేను క్యాబిన్‌లో కూర్చుని, కింద గొలుసులు తగిలించే వాళ్ళ మీద అరిచి అరిచి, ఇంటికి వచ్చాక కూడా నా గొంతు దిగదు. గోదావరి జిల్లా వాళ్ళది మెత్తని మాట అని ఎవరు పుట్టించారో గానీ, నన్ను చూడకుండానే పుట్టించి ఉంటారు. "ఉప్పు అందించమని అడిగినా ఓడలోంచి సరుకు దింపమన్నట్టే ఉంటుందండీ మీ కేక" అంటుంది మా ఆవిడ కనకరత్నం. అలాంటి నరసింహమూర్తికి, అంటే నాకు, ఒక పెద్దాయనతో ఒక్క మాట చెప్పడానికి నెల పైచిలుకు నోరు పెగల్లేదంటే మీరు నమ్మరు. పక్కనే ఉండి చూసిన నా స్నేహితుడు ఎల్లాజీయే ఇప్పటికీ నమ్మడు.

ఆ పెద్దాయన తవిటయ్య గారు. పెళ్ళి బ్యాండులో బాకా వాయించేవారు. ఒకప్పుడు విశాఖపట్నంలో ఆయన బాకా లేకపోతే ముహూర్తమే మార్చుకునేవారట. నేను ఆ రోజులు చూడలేదు. నేను పోర్టులో ఉద్యోగానికి వచ్చేసరికే ఆయన నోట్లో పళ్ళు లేవు. వన్‌టౌన్‌లో కొండ దిగే వీధిలో ఊరేగింపు నడుస్తుండగా, వెనక లైట్ల కోసం తెస్తున్న జనరేటరు బండి చేయిజారి, పల్లంలో దొర్లుకుంటూ వచ్చి ఆయన వీపుకు గుద్దుకుంది. బాకా నోటి దగ్గరే ఉంది. ముందు పళ్ళు అక్కడే రాలాయి. మిగిలినవి వయసుతో ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. కుడి పక్క కోరపన్ను ఒక్కటే మొండిగా నిలబడింది. పళ్ళు లేనివాడితో బ్యాండు మేస్త్రికి ఏం పని? కానీ మేస్త్రి మంచివాడు. పెద్ద డ్రమ్ము మీద బ్యాండు పేరు, తామరపువ్వు దిద్దే పని ఆయనకు అప్పజెప్పాడు. ఆయన కుంచె పట్టడం అలా మొదలైంది.

నేను ఆయన్ని మొదటిసారి విన్నది ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలంలో. మొదటి షిఫ్టు దిగి, కంచరపాలెం మీదుగా సైకిలు మీద ఇంటికి పోతున్నాను. రైలుకట్ట పక్క సందులోంచి బాకా వినిపించింది. బాకా అంటే చెవులు బద్దలు కావాలి కదా? ఇది అలా కాదు. కింది స్వరాల్లో, పక్కింట్లో ఎవరో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు నాలుగు ముక్కలు వాయించి ఆగిపోయింది. అయిపోయిందనుకుని పెడలు మీద కాలు వేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. ఆ ఆగిన చోట నాకు దూరంగా రైలు కూత, పంపు దగ్గర బిందె నిండే చప్పుడు, నా ఊపిరి, అన్నీ వేరువేరుగా వినిపించాయి. రోజంతా ఇనుము ఇనుమును కొట్టుకునే మోత విన్న చెవులు నావి. అక్కడే సైకిలు దిగిపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి.

అరుగు మీద నులక మంచం. దాని మీద బక్కపలచని మనిషి. ఒళ్ళో బాకా, చేతిలో కుంచె, ఎదురుగా గోడకు ఆనించిన గుండ్రటి డ్రమ్ము తోలు. పెదవి కుడి మూలకు బాకా ఆనించి కాస్త వాయించడం, దించి తోలు మీద కుంచెతో నాలుగు గీతలు గీయడం, మళ్ళీ బాకా ఎత్తడం. అదీ ఆయన పద్ధతి.

"ఏటి బాబూ, అలగ నిలబడిపోనావు? కూకో" అన్నారు నన్ను చూసి.

"మధ్యలో బాకా దించేసి బొమ్మ వేస్తారేమండీ?" అని అడిగాను.

"ఒక్క పన్ను మీద ఊదతన్నాను కదా, పెదివి నొప్పెడతాది. అది సల్లారేదాకా సేతులు ఊరుకోవు. బొమ్మ ఏత్తాను. బొమ్మ ఏత్తంటే ముందు ఊదింది ఇంకా ఇనిపిత్తాది. దాన్ని బట్టి తరవాతది ఊదతాను" అన్నారు.

అంతే, నేను ఆయన మనిషినైపోయాను. షిఫ్టు దిగితే సైకిలు దానంతట అదే ఆ సందులోకి తిరిగేది.

బొమ్మల సంగతి చెప్పాలి. బ్యాండు వాళ్ళు చిరిగిపోయాయని పారేసిన పెద్ద డ్రమ్ము తోళ్ళ మీద వేసేవారు. చిరుగును కుట్టి, ఆ కుట్టునే బట్టలారేసే తాడుగానో, కరెంటు తీగగానో మార్చేసేవారు. అన్ని బొమ్మల్లోనూ అరుగులూ, మేడలూ, కిటికీలూ, వాటిలో నిలబడి చూసే జనమూ. ఒక్క పెళ్ళికొడుకూ ఉండడు. ఎందుకని అడిగితే నవ్వారు.

"పెళ్ళికొడుకు ఎనకాల కారులో వొత్తాడు బాబూ. బాకా వోడు ముందు నడుత్తాడు. జన్మంతా ఊరేగింపుల్లో ఊదినాను గానీ నడిసినంతసేపూ నాకు ఒక్క పెళ్ళికొడుకు మొగం కనపళ్ళేదు. అరుగుల మీద నిలబడి సూసినోళ్ళనే నాను సూసినాను."

రంగులు నేనే తెచ్చేవాణ్ణి. ఓడలకు రంగు వేసే ముఠా వాళ్ళను అడిగితే, డబ్బాల అడుగున మిగిలింది ఇచ్చేవారు. అందుకే ఆయన బొమ్మల్లో అరుగులన్నీ ఓడ అడుగు ఎరుపు, ఆకాశమంతా ఓడ పక్కల బూడిదరంగు. ఒకసారి ఏ దేశపు ఓడదో పచ్చరంగు దొరికితే, ఆ నెలంతా కిటికీలకు పండగే.

నాతోపాటు ఇంకో ఇద్దరు చేరారు. ఎల్లాజీ హార్బర్లో కళాసీ, ఆ సందువాడే, తవిటయ్య గారిని మావా అని పిలిచేవాడు. గురునాథరావు ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. ఎవరో నావికుడి దగ్గర కొన్న టేప్‌రికార్డరు ఉందతనికి. తవిటయ్య గారి సంగీతం గురించి అతను మాట్లాడటం మొదలుపెడితే మాకు టీ చల్లారిపోయేది. ఎల్లాజీ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేవాడు. "మావ ఊదతా ఊదతా ఆగిపోతాడు సూడు బావా, అప్పుడు నాకు మాయమ్మ గుర్తొత్తాది. ఎందుకో నాకు తెల్దు." నాకూ తెలియదు. కానీ గురునాథరావు ఉపన్యాసాలన్నిటికన్నా అదే నిజమనిపించేది.

సందులో మిగతావాళ్ళకు మేం ముగ్గురం వెర్రివాళ్ళం. "ముసిలోడికి ఊపిరి సాల్లేక ఆగిపోతన్నాడు, ఈళ్ళు దాన్ని కూడా ఆహా అంతన్నారు" అని నవ్వేవారు. నేను తగవుకు పోబోతే తవిటయ్య గారే ఆపేవారు. "నిజమే కదా బాబూ. ఊపిరి సాల్లేదు. అయితే ఏటి?"

అలా సాగిపోతుండగా, ఓ ఆదివారం కనకరత్నం కూడా వస్తానంది. డబ్బా నిండా జంతికలు చేసి తెచ్చింది. మా ఆవిడ జంతికలు మా వీధిలో పేరుమోసినవి. తవిటయ్య గారు ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకున్నారు. మేం తలా నాలుగూ నమిలి మంచినీళ్ళు తాగినా ఆయన బుగ్గ ఇంకా ఉబ్బే ఉంది. చివరికి ఆయన భార్య చిలకమ్మ గారు మిగిలిన జంతికలు గ్లాసులో వేసి టీ పోశారు.

"పడుసోడప్పుడు నాను జంతిక కొరికితే పక్కింటోళ్ళు లెగిసి కూకునీవోరమ్మా" అన్నారాయన కనకరత్నంతో, నానిన జంతికను చప్పరిస్తూ.

ఇంటికి వస్తుంటే దారిపొడుగునా మా ఆవిడ నన్ను దులిపేసింది. "ఆయన చుట్టూ చేరి ఆహా ఓహో అనడమేనా? ఆ మహానుభావుడు ఏం తింటున్నాడో ముగ్గురిలో ఒక్కరైనా చూశారా? సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం అంటున్నారు కదా. శాలువా నములుతాడా?"

సన్మానం మాట నిజమే. పోర్టు క్వార్టర్ల దగ్గర క్లబ్బు హాలు మాట్లాడి, బొమ్మలన్నీ గోడలకు వేలాడదీసి, ఆయన చేత కచేరీ చేయించాలని మా ముగ్గురి కోరిక. ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై ఊరు పెరిగిపోతోంది, కొత్తవాళ్ళు దిగుతున్నారు, ఈయన ఎవరో తెలియకుండానే పోతుందేమోనని మా బాధ. కనకరత్నం మాట మా అందరికీ సబబుగా తోచింది. శాలువాతో పాటు పళ్ళు కూడా పెట్టిద్దాం అనుకున్నాం. గురునాథరావుకు తెలిసిన పళ్ళ డాక్టరు దగ్గరికి తవిటయ్య గారిని వెంటబెట్టుకుని వెళ్ళాం.

తప్పంతా జరిగింది ఆ గదిలోనే. కోరపన్ను పక్కనుంచి కొలతలు తీసి, తర్వాతి సారి పళ్ళసెట్టు తగిలించి, అద్దం చేతికిచ్చాడు డాక్టరు. ఈయన గొప్ప బాకా విద్వాంసుడు అని గురునాథరావు అంతకుముందే చెప్పి ఉంచాడు. డాక్టరు హుషారుగా భుజం తట్టి, "ఇంకేం తవిటయ్య గారూ! మునుపటిలా గట్టిగా ఊదేయొచ్చు. మీవాళ్ళ ముచ్చట తీరుతుంది" అన్నాడు. తవిటయ్య గారు అద్దంలోంచి కళ్ళు తిప్పి మా మొహాల వంక చూశారు. మేం ముగ్గురం వరసగా నిలబడి నవ్వుతున్నాం. అబ్బే, ఇవి జంతికలకండీ, బాకాకు కాదు అని ఒక్కడూ అనలేదు. అంత ముచ్చటగా పని చేసిన డాక్టరు మాటకు అడ్డు చెప్పడానికి మొహమాటం.

ఆ వారం నేను రెండో షిఫ్టులో ఉన్నాను. తర్వాతి వారం మళ్ళీ సందు వైపు సైకిలు తిప్పాను. వీధి చివరికే బాకా హోరు వినిపిస్తోంది. పాత పెళ్ళిపాట, పైస్వరంలో, ఎక్కడా ఆగకుండా. అరుగు చుట్టూ జనం. ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళే ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు. కుడి మూల నుంచి బాకా పెదవుల మధ్యకు వచ్చేసింది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. పాట అవగానే తవిటయ్య గారు కొత్త పళ్ళన్నీ కనిపించేలా నా వంక చూసి నవ్వారు.

"ఎలగున్నాది బాబూ?"

"బ్రహ్మాండం" అన్నాను.

ఎల్లాజీ కూడా బ్రహ్మాండమే అన్నాడు. గురునాథరావు అదే మాటను కొంచెం పొడుగ్గా చెప్పాడు. సందు మలుపు తిరిగాక ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"సచ్చిపోనాది బావా, మన పాట" అన్నాడు ఎల్లాజీ.

"నువ్వు చెప్పు. మావా అని పిలుస్తావు కదా" అన్నాను.

"మావ అని పిలిసీవోణ్ణి నానెలగ సెప్తాను? నువ్వు సెప్పు, నీది పెద్ద గొంతు."

నేను చెప్పలేదు. రోజూ అనుకోవడం, వెళ్ళడం, టీ తాగడం, బ్రహ్మాండం అని రావడం. ఇంట్లో కనకరత్నం మీద అరవడం. "నా మీదెందుకు అరుస్తారు? నేను పళ్ళు పెట్టించమన్నాను గానీ బాకా మార్చమన్నానా? వెళ్ళి ఆయనతో చెప్పండి" అనేది. చెప్పాల్సిందే. కానీ జనం చేత చప్పట్లు కొట్టించుకుంటున్న మనిషి దగ్గరికి వెళ్ళి, మీ పళ్ళు రాలిన తర్వాతి పాటే మాకు కావాలి అని ఎలా అంటాం? ఆయనకు పాత వైభవం తిరిగొచ్చింది. అది ఆయన సంతోషమే అయితే మధ్యలో నేనెవణ్ణి?

సన్మానానికి ముందు ఆదివారం, బొమ్మలు హాలుకు చేర్చడానికి వెళ్ళాను. తవిటయ్య గారు ఇంట్లో లేరు. చిలకమ్మ గారు ఒక్కొక్క తోలూ తుడిచి ఇస్తున్నారు. చివర్లో ఒకటి మంచం వెనకే ఉండిపోయింది. తీసి చూశాను. ఎర్రటి అరుగు, అరుగు మీద ఒక పడుచు, చేతిలో చేట. ఒళ్ళంతా వేసి ఉంది. మొహం లేదు. తోలు తెలుపు అలాగే మిగిలి ఉంది. పక్కనే డబ్బాలో కుంచె ఎండి కర్రలా బిగుసుకుపోయింది.

"ఇది పూర్తి కాలేదేమండీ?"

"అది నానే బాబూ" అన్నారు చిలకమ్మ గారు. "ఎలమంచిలిలో ఏదో పెళ్ళికి ఊదుకుంటా వొచ్చి, మా అరుగు మీద నన్ను సూసినాడు. మరో పెళ్ళికి ఊదడానికొచ్చినప్పుడే నన్నిమ్మని మా అయ్యని అడిగీసినాడు. అందరి మొగాలూ ఏసినావు, నాదేదీ అని అడిగితే, నీదే ఆకర్న నిమ్మళంగా ఏత్తానన్నాడు. మొదలెట్టినాడు. ఇంతలోకి పళ్ళు వొచ్చినాయి."

"అయితే?"

"పొద్దస్తమానం ఊదుడే. మద్దిలో ఆగడం నేదు కదా, కుంచె ఎప్పుడు పడతాడు? ఏల ఇంత కట్టం అంటే, ఆ బాబులు పళ్ళు పెట్టించినారు, సన్మానం రోజు ఆళ్ళ పరువు నిలపాల అంతాడు. రాత్రి పళ్ళు తీసి పుక్కిలిత్తే నీళ్ళు ఎర్రగా వొత్తన్నాయి బాబూ. మీకు సెప్పొద్దన్నాడు. నాను సెప్పీసినాను."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ తోలు కూడా చంకలో పెట్టుకుని బయటపడ్డాను. తవిటయ్య గారు ఎదురైతే ఆ క్షణంలో చెప్పేసేవాణ్ణే. ఎదురు కాలేదు. మర్నాటికి ధైర్యం చల్లారింది. సన్మానం పాడు చేస్తామా, అయ్యాక చూద్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సన్మానం రోజు సాయంత్రం హాలు నిండింది. పోర్టు వాళ్ళు, కంచరపాలెం వాళ్ళు, పెందుర్తి నుంచి పాత బ్యాండు వాళ్ళు కూడా వచ్చారు. గోడల నిండా గుండ్రటి తోళ్ళు. జనం వాటి ముందు ఆగి, ఇది ఫలానా వీధి, ఈ మేడ ఫలానా వాళ్ళదని గుర్తుపట్టి మురిసిపోతున్నారు. ఒకావిడ తన అత్తగారిని ఒక కిటికీలో చూసి కెవ్వుమంది. మొహం లేని బొమ్మను పెట్టొద్దన్నాడు గురునాథరావు, అసంపూర్ణం అని. నేను గయ్యిమని వేదిక మీదే ఒక కుర్చీకి ఆనించి పెట్టాను. దాని పక్కన బల్ల మీద "కళాకారుడి పనిముట్లు" అని చీటీ అంటించి, రంగు డబ్బాలూ కుంచే అమర్చాడు అతను. ఎండిన కుంచెను ఎల్లాజీ కిరసనాయిల్లో నానబెట్టి మెత్తబరిచాడు.

ఉపన్యాసాలు అయ్యాయి. గురునాథరావుది అయిందని మేం రెండుసార్లు అనుకున్నాక మూడోసారి నిజంగా అయింది. దండ వేశారు, శాలువా కప్పారు. తవిటయ్య గారు లేచి బాకా ఎత్తారు. అదే పెళ్ళిపాట. హాలు కప్పు ఎగిరిపోయేలా వాయించారు. పాత బ్యాండు వాళ్ళు కుర్చీల మీద తాళం వేశారు. ఈలలు. ఇంకోటి, ఇంకోటి అని కేకలు. ముందు వరసలో చిలకమ్మ గారు మాత్రం తల దించుకుని కూర్చున్నారు.

వందన సమర్పణ నాకు అప్పజెప్పారు. మైకు దగ్గరికి వెళుతూ ఆయన వంక చూశాను. శాలువా అంచు నోటికి అద్దుకుంటున్నారు. అద్దుకున్న చోట ఎర్రటి మరక. నేను చూశానని గ్రహించి, మరక లోపలికి మడిచేసి నవ్వారు. నా పరువు కోసం.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఆయన మీద కాదు, నా మీద. జన్మలో మొదటిసారి నా కోపం నాకు పనికొచ్చింది. మైకు సంగతే మరిచిపోయి, క్రేను కింద వాళ్ళతో అరిచినట్టు అరిచాను.

"తవిటయ్య గారూ! ఆ పళ్ళు మేం తినడానికిచ్చామండీ! ఊదడానికి కాదు!"

హాలంతా గొల్లుమంది. గురునాథరావు నా చొక్కా పట్టుకు లాగాడు. తవిటయ్య గారు మాత్రం నవ్వలేదు. నా వంక ఎగాదిగా చూశారు.

"తినడానికా?"

"అవునండీ. జంతికల కోసం."

"మరి డాట్రుబాబు ఊదొచ్చన్నాడు. మీరు ముగ్గురూ నవ్వుతా నిలబడ్డారు కదేటి?"

"ఆయన ముందు మొహమాటానికి నవ్వామండీ. మాకు మీ వెనకటి పాట కాదు, పళ్ళు రాలాక వచ్చింది కావాలి. ఒక్క పన్నుమీద వాయించేది. ఆగి ఆగి వాయించేది. అది వినే కదండీ మీ అరుగు దగ్గర సైకిలు దిగాను."

ఆయన తల దించుకున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

"ఓలమ్మో! ముందే సెప్పొచ్చు కదా బాబూ. సిగుళ్ళు వాసిపోనాయి. నాను కూడా మొగమాటానికే ఊదతన్నాను!"

అని, అంతమందిలో, రెండు వేళ్ళు నోట్లో పెట్టి పళ్ళసెట్టు ఊడదీశారు. శాలువా కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టారు. "జాగర్త. పట్టుకో" అన్నారు. కుర్చీలో కూర్చుని, బాకాను కుడి మూలకు ఆనించారు.

కింది స్వరంలో నాలుగు ముక్కలు వచ్చాయి. ఆగిపోయాయి.

హాల్లో జనానికి ఏం చేయాలో తెలియలేదు. పెళ్ళిపాటల కోసం వచ్చినవాళ్ళు కొందరు కుర్చీలు జరుపుకుని లేచి వెళ్ళిపోయారు. "ఏటి, ఆగిపోనాదేటి?" అన్నారు వెనకనుంచి ఎవరో. నేను అటు తిరిగి, "ఉండండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని అనుమానం వచ్చిందని కనకరత్నం ఇప్పటికీ అంటుంది. అంత నెమ్మదిగా అన్నానట.

ఆ నిశ్శబ్దంలో తవిటయ్య గారు బాకా ఒళ్ళో పెట్టుకుని చుట్టూ చూశారు. చేతులు ఊరుకోలేదు. పక్కన బల్ల మీది కుంచె అందుకుని, డబ్బాలో ముంచి, కుర్చీకి ఆనించిన తోలు మీదికి వంగారు. ఒక కనుబొమ్మ వచ్చింది. మళ్ళీ బాకా. ఈసారి ఇంకో రెండు ముక్కలు ఎక్కువ. మళ్ళీ కుంచె. ముక్కు, బుగ్గ. లేవబోయినవాళ్ళు కూడా మొహం పూర్తయ్యేదాకా చూద్దామని కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు వినడం మొదలుపెట్టారు. బయట రైలు పోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆయన ఆగి, అది వదిలిన చోటునుంచి ఎత్తుకున్నారు. ఎల్లాజీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. గురునాథరావు టేప్‌రికార్డరు మీట నొక్కడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు. నేను వేదిక మీద, అందరి ముందూ, అరచేతిలో పళ్ళసెట్టు పట్టుకుని నిలబడ్డాను. అంత గౌరవం నాకు పోర్టువాళ్ళు ఏనాడూ ఇవ్వలేదు. అంత సంతోషం కూడా నాకు మళ్ళీ కలిగినట్టు గుర్తులేదు.

మొహం పూర్తయింది. ఎలమంచిలి అరుగు మీద, చేట పట్టుకుని, తన ముందు నడిచిపోతున్న బాకావాణ్ణి చూస్తున్న పడుచు. చిలకమ్మ గారు కొంగు మొహానికి కప్పేసుకున్నారు. కానీ కొంగు సందులోంచి చూస్తూనే ఉన్నారు.

తవిటయ్య గారు బాకా కింద పెట్టి నా వైపు చెయ్యి చాపారు. "పళ్ళు ఇలగియ్యి బాబూ." ఎల్లాజీ తెచ్చిన గ్లాసు నీళ్ళలో వాటిని ముంచి కడిగి, నోట్లో పెట్టుకున్నారు. తర్వాత ముందు వరసలో ఉన్న మా ఆవిడ వంక తిరిగారు.

"రత్నమ్మా, జంతికలేమైనా తెచ్చినావేటి?"

కనకరత్నం తేకుండా ఎక్కడికి వెళుతుంది? డబ్బా మూత తీసి వేదిక మీదికి అందించింది. ఆయన అన్నిటికన్నా పెద్దది ఏరి తీసుకుని, వాచిన చిగుళ్ళను లెక్కచేయకుండా, కటుక్కున కొరికారు. మైకు పక్కనే ఉంది. హాలు వెనక వరసకు కూడా వినిపించింది.